తెలియని చేప పడితే ముందు కళ్లు, ఆ తర్వాతే చేతులు

ఒడ్డు మీద నిలబడి గాలం వేసేవాళ్లందరికీ ఆ క్షణం తెలుసు. దారం బిగుస్తుంది, రాడ్ వంగుతుంది, కానీ లాగే తీరు రోజూ పడే చేపలా ఉండదు. తీరా ఒడ్డుకు చేరాక చూస్తే ఎన్నడూ చూడని ఆకారం. ఆ సంబరంలో చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఏ చేపో తెలిసేదాకా దాన్ని తాకకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా జాగ్రత్తల్లో సగం అవసరమే రాదు.

బయలుదేరేటప్పుడే సంచిలో పొడవు ముక్కు ప్లయర్, తీగ తెంపే కట్టర్, మందపాటి తువ్వాలు, తలకు కట్టుకునే లైటు పెట్టుకోండి. వీటితోపాటు ఫ్లాస్కులో వేడి నీళ్లు. ఇవి టీ కోసం కాదు, ఎందుకో కింద చెబుతాను. గ్లోవ్స్ ఉంటే మంచిదే కానీ వాటిని నమ్ముకోవద్దు, పెద్ద ముల్లు వాటిలోంచి సులువుగా దిగుతుంది. రాత్రి పూట ఒంటరిగా వెళ్లకండి.

ఒకసారి మునిమాపు వేళ నాతో వచ్చిన మిత్రుడు చిన్న జెల్లను ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. "పిల్ల చేపే కదా" అన్నాడు. జెల్లకు వీపు మీద ఒకటి, మొప్పల వెనక చెరో పక్క ఒకటి, మొత్తం మూడు గట్టి ముళ్లు ఉంటాయి. వాటి అంచులకు రంపంలాంటి పళ్లు. ఒకటి అరచేతిలో దిగింది. మణికట్టు దాకా వాచిపోయి, ఆ రాత్రంతా అతను పడిన బాధ చూశాక వేడి నీళ్ల ఫ్లాస్కు లేకుండా నేను గాలం పట్టలేదు.

జెల్ల, టేకు (స్టింగ్ రే), లయన్ ఫిష్, స్టోన్ ఫిష్, వీటి ముళ్లలో ఉండే విషం ఎక్కువగా ప్రోటీన్. వేడికి అది చెడిపోతుంది. అందుకే ముల్లు గుచ్చుకున్న చోటును ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల సెల్సియస్ మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. నీటి వేడిని దెబ్బ తగలని చేత్తో చూడండి. నొప్పిలో ఉన్న చేతికి వేడి తెలియదు, చర్మం కాలిపోతుంది. కోసి నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. నొప్పి తగ్గినా డాక్టరుకు చూపించాలి. ముల్లు ముక్క లోపల మిగిలిపోవచ్చు, టెటనస్ ఇంజెక్షన్ కూడా అవసరం పడొచ్చు. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లయితే అసలు ఆలస్యం చేయకూడదు, ఉప్పునీటి బాక్టీరియా వారికి ప్రాణం మీదికి తెస్తుంది.

టేకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ముల్లు తోక చివర ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంకా పైన, చాలా రకాల్లో మొదలుకు దగ్గరగా ఉంటుంది. తోకను పైకి, పక్కకి కొరడాలా విసురుతుంది. వీలైతే దాన్ని నీళ్లలోనే ఉంచి, గాలానికి దగ్గరగా దారం తెంపి వదిలేయండి. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో దిగితే బయటికి లాగకూడదు, అది కదలకుండా ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 2006లో ఆస్ట్రేలియాలో, టీవీలో వన్యప్రాణుల కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ మరణానికి కారణం ఛాతీలో దిగిన ఇలాంటి ముల్లే. చేప చచ్చిపోయింది కదా అని కూడా చెయ్యి వేయొద్దు. ముల్లు అప్పటికీ పనిచేస్తుంది.

పాములా పొడవుగా ఉన్నది పడితే ముందు దూరం నుంచి తోక చూడండి. తోక తెడ్డులా చదునుగా ఉండి, రెక్కలు లేకుండా, ఒంటి మీద పొలుసులు కనిపిస్తే అది సముద్రపు పాము. దారం తెంపేయడమే మార్గం. అది కరిచినా మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, అంతమాత్రాన ఊరుకోకూడదు. దానికి వేడి నీళ్లు పనిచేయవు. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. తోక చదునుగా లేకపోతే ఈల్ కావొచ్చు. అదైనా కరిస్తే గాయం లోతుగా పడుతుంది, కాబట్టి దాని నోట్లోంచి గాలం తీసే ప్రయత్నం వద్దు.

ఇక తినే సంగతి. పొట్ట బంతిలా ఉబ్బే పఫర్ ఫిష్‌లో ఉండే టెట్రోడోటాక్సిన్ ముల్లు విషంలా కాదు. వేయించినా ఉడకబెట్టినా అది పోదు. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది. దీనికి విరుగుడు మందు లేదు, ఊపిరి అందించి కాపాడుకోవడమే. పగడపు దిబ్బల దగ్గర పెరిగే పెద్ద బారాకుడా వంటి చేపల్లో ఉండే సిగ్వాటెరా విషం కూడా వంటకు లొంగదు, రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియదు. పేరు తెలియని చేప కూరలోకి వెళ్లకూడదు. పిల్లికి కూడా పెట్టకండి.

ఎంత వింత చేప అయినా నీటికి వీపు తిప్పి ఫొటోలు దిగకండి. పాకుడు పట్టిన రాళ్ల మీద ఒక్క అల చాలు. ఎంత బలంగా లాగుతున్నా దారాన్ని చేతికి చుట్టుకోవద్దు, సన్నని అల్లిక దారం వేలిని కోసేస్తుంది.

ముక్కు రంపంలా ఉన్న సా ఫిష్ పడితే ఆ రంపానికి అందనంత దూరంలో ఉండండి, అది పక్కలకు చాలా వేగంగా ఊపుతుంది. ఈ జాతి అంతరించే దశలో ఉంది, చాలా దేశాల్లో దానికి చట్టరక్షణ ఉంది. రంపం కోసం చంపడం నేరం అవుతుంది. నీళ్లలో ఉండగానే ఒకటి రెండు ఫొటోలు తీసి, చోటు, సమయం రాసుకుని, దారం తెంపి వదలండి. ఆ వివరాలు మత్స్యశాఖకు పంపండి.