దేశీ పబ్‌లో ఆఫీసు లంచ్: పెనం టేబుల్ మీదికి వచ్చేలోపే తేల్చుకోవాల్సినవి

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ ప్రాంతాల్లోని దేశీ పబ్బులు బయటికి మామూలు ఇంగ్లీషు పబ్బులే. కౌంటర్ మీద బీరు పంపులు, గోడకు డార్ట్స్ బోర్డు. వంటగదిలో మాత్రం తందూరు మండుతుంటుంది. ఫౌండ్రీ (ఇనుము పోతపోసే కర్మాగారం) పనులకు వచ్చిన పంజాబీలను ఒకప్పుడు ఇక్కడ కొన్ని పబ్బు గదుల్లోకి రానిచ్చేవారు కాదు. 1965 నాటి రేస్ రిలేషన్స్ చట్టం అలాంటి వివక్షను నిషేధించింది. తర్వాత్తర్వాత ఇక్కడి పబ్బులు కొన్నింటిని పంజాబీలే నడపసాగారు. అందుకే తిండి పంజాబీది, పద్ధతి ఇంగ్లీషుది. కొత్తవాళ్లు తడబడేది కూడా అక్కడే.

ముందురోజే ఫోన్ చేయండి. అడగాల్సింది పబ్ ఎప్పుడు తెరుస్తారని కాదు, వంటగది ఎప్పుడు తెరుస్తారని. మధ్యాహ్నం 12కే బార్ తెరిచినా, మామూలు రోజుల్లో సాయంత్రం దాకా పొయ్యి వెలిగించని చోట్లున్నాయి. ఎనిమిది మందిని తీసుకెళ్లి చిప్స్ పొట్లాలతో సరిపెట్టాల్సి వస్తుంది. వెస్ట్ బ్రామ్‌విచ్‌లోని ద వైన్ లాంటివి ఫుట్‌బాల్ స్టేడియం దగ్గరలో ఉంటాయి కాబట్టి మ్యాచ్ రోజున అటు వెళ్లకండి.

చేరాక ముందు టేబుల్ పట్టుకుని దాని నంబరు చూసుకోండి. మన హోటల్లోలాగా కూర్చుని ఎదురుచూస్తే చాలాచోట్ల ఎవరూ రారు. ఒకరు అందరి ఆర్డరూ ఫోన్‌లో రాసుకుని కౌంటర్ దగ్గరికెళ్లి, నంబరు చెప్పి, డబ్బు అక్కడే కట్టేయాలి. కౌంటర్ దగ్గర లైను కనిపించదు గానీ ఉంటుంది: ఎవరు ముందొచ్చారో గుర్తుపెట్టుకుంటారు. నోటు ఊపడం, చిటికె వేయడం పనికిరాదు.

తిండి ముందు చెప్పండి, గ్లాసులు తర్వాత. గ్రిల్‌కు దాదాపు 25 నిమిషాలు పడుతుంది. ముందు డ్రింకులు తెచ్చుకుని కబుర్లలో పడితే, తిండి వచ్చేసరికి లంచ్ గంట అయిపోతుంది.

ఎనిమిది మందికి లెక్క ఇదీ: పెద్ద మిక్స్‌డ్ గ్రిల్ రెండు (తందూరీ చికెన్, సీఖ్ కబాబ్, ల్యాంబ్ చాప్స్, వింగ్స్ వేడి పెనం మీద, ఉల్లిపాయలపై వస్తాయి), ఫిష్ పకోడా ఒకటి, శాకాహారులకు పనీర్ టిక్కా ఒకటి, ఒక దాల్, నాన్ ఆరు. మనిషికో నాన్ చెబితే రెండు చల్లారి తోలులా మిగులుతాయి. మన పప్పు, చారు, పెరుగన్నం వెతక్కండి, ఇది పంజాబీ వంట. అన్నం లేకపోతే ముద్ద దిగనివాళ్లుంటే ఒక ప్లేటు రైస్ చెప్పండి.

శాకాహారుల పనీర్‌ను వేరే పెనం మీద తెమ్మని ఆర్డరప్పుడే అనండి. లేకపోతే చికెన్ రసం కారిన ఉల్లిపాయల మీదే వస్తుంది. వేడివేడిగా వేయించిన ఆలుగడ్డ ముక్కలు (ఇక్కడ వీటినే చిప్స్ అంటారు) చెప్పేముందు ఏ నూనెలో వేయిస్తారో అడగండి, ఈ ప్రాంతంలో గొడ్డు కొవ్వులో వేయించే అలవాటు పాతది. ఎవరికైనా అలర్జీ ఉంటే కూడా అప్పుడే చెప్పాలి. చట్టం లెక్కగట్టిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలూ, నువ్వులూ ఉన్నాయి. పాలు పడనివాళ్లుంటే, పుదీనా చట్నీలో సాధారణంగా పెరుగు ఉంటుంది.

చెక్కపలక మీద సలసలమంటూ ఇనప పెనం వస్తుంది. వెంటనే నిమ్మకాయ పిండకండి, వేడి ఇనుము మీద పడ్డ రసం ముఖం మీదికి చిమ్ముతుంది. ముందు అడుగున ఉన్న ఉల్లిపాయలను స్పూనుతో పైకి తిప్పండి. రెండు నిమిషాలు వదిలేస్తే అవి మాడి, ఆ చేదు మాంసానికీ పడుతుంది. చప్పుడు తగ్గాక నిమ్మ పిండి, ముందుగా చాప్స్ పంచండి. చల్లారితే కొవ్వు గడ్డకట్టి పాడయ్యేవి అవే. ఎముక పట్టుకుని చేత్తో తినాలి, ఫోర్కుతో కుస్తీ పట్టే ఇంగ్లీషు కొలీగ్‌కు ఈ మాట మీరే చెప్పండి.

డ్రింకుల దగ్గర రౌండ్ల మర్యాద ఉంది: ఒకరు అందరికీ కొంటే, తర్వాత ఇంకొకరి వంతు. ఎనిమిది మంది ఎనిమిది రౌండ్లు తాగితే మధ్యాహ్నం మీటింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. తలా 10 పౌండ్లు ముందే పోగేసి అందులోంచి కొనడం మేలు. రౌండ్‌లో లేకపోతే మొదటే చెప్పేయండి. మధ్యలో తప్పుకుంటే పిసినారి అనుకుంటారు. మందు ముట్టనివాళ్లకు లైమ్ సోడా ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. సగం అడగడం తప్పు కాదు. కారు నడిపేవాళ్లకు అదీ వద్దు.

కారం నషాళానికి అంటినవాళ్లకు బీరు ఇవ్వకండి, గ్యాసుతో మంట ఇంకా పెరుగుతుంది. లస్సీ గానీ రైతా గానీ ఇవ్వండి.

లేచేటప్పుడు ఖాళీ గ్లాసులు కౌంటర్ మీద పెట్టి వెళ్తే అక్కడివాళ్లు సంతోషిస్తారు. మిగిలింది డబ్బాలో కట్టించుకోవచ్చు, ఆ ఉల్లిపాయల డబ్బాను మాత్రం ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టకండి.