గుర్రం జీ5కి దూకితే నల్లపావులతో ఏం ఆడాలి

పిల్లల చెస్ టోర్నమెంట్లలో తరచూ కనిపించే దాడి ఇది. కింద ప్రతి జతలో ముందుది తెలుపు ఎత్తు, తర్వాతది నలుపుది; పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సీ6, బిషప్ సీ4 గుర్రం ఎఫ్6. వెంటనే తెల్లగుర్రం జీ5కి దూకుతుంది. గురి ఎఫ్7 బంటు మీద. దానికి రాజు ఒక్కడే కాపలా. నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఇక్కడే టెన్షన్ పడిపోతారు.

ముందు డీ5 తోయండి, బిషప్ దారి మూసుకుంటుంది. తెల్లబంటు దాన్ని చంపుతుంది. ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఎఫ్6 గుర్రంతో తిరిగి చంపేయాలని చెయ్యి లాగుతుంది, టోర్నమెంట్‌లో పావు ముట్టుకుంటే ఆడి తీరాలి. అలా చంపితే తెల్లగుర్రం ఎఫ్7లో దిగి మంత్రినీ ఏనుగునీ ఒకేసారి పట్టుకుంటుంది. రాజుతో దాన్ని చంపితే ఎఫ్3 నుంచి మంత్రి చెక్. డీ5 గుర్రం దక్కాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకు రావాలి. దీని పేరే ఫ్రైడ్ లివర్. సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీ ఆటగాడు పోలెరియో ఆడిన దాడి ఇప్పటికీ పిల్లల్ని ఏడిపిస్తోంది. గడియారం నడుస్తుండగా ఆ రాజును కాపాడుకోవడం చాలా కష్టం.

సరైన ఎత్తు సీ6 గుర్రం ఏ5కి. గుర్రాన్ని అంచున పెట్టకూడదని మనమే నేర్పుతాం, కానీ ఇక్కడ అది సీ4 బిషప్‌ను తరుముతోంది. బిషప్ బీ5 నుంచి చెక్ ఇస్తే సీ6 అడ్డం పెట్టండి. తెల్లబంటు దాన్ని చంపాక బీ బంటుతో తిరిగి చంపండి, బిషప్ మళ్లీ పారిపోవాలి.

అది ఈ2కి వెళ్తే హెచ్6. గుర్రం ఎఫ్3కి తగ్గితే ఈ4, అది ఈ5కి దూకితే బిషప్ డీ6. తెలుపు ఒకే గుర్రాన్ని తిప్పుతూ ఉంటుంది, మీ పావులు బయటికొస్తాయి. ఒక బంటు పోయింది నిజమే. దాన్ని వెంటనే రాబట్టాలని చూడకండి, క్యాసిల్ చేసి (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రం చేసి) దాడికి దిగండి.

బిషప్ డీ3కి వెళ్తే మాత్రం హెచ్6 తొందర వద్దు, తెల్లగుర్రం హాయిగా ఈ4లో కూర్చుంటుంది. మీ గుర్రాన్ని ఎఫ్6 నుంచి డీ5కి జరపండి. అది పక్కకు తప్పుకోగానే మీ మంత్రి నేరుగా జీ5 గుర్రం మీద పడుతుంది. ఈ ఎత్తు నాకెంతో ఇష్టం.

ఇంట్లో సీ6లో బంట్లు మారిన స్థితి పెట్టి రెండు వైపులా ఆడించండి. తెల్లపావులతో కూర్చున్నప్పుడే, ఆ అదనపు బంటును కాపాడుకోవడం ఎంత కష్టమో పిల్లలకు తెలిసొస్తుంది.