ఒకే మేస్త్రితో మేడ కట్టేటప్పుడు రోజుల లెక్క ఎలా వేయాలి?

చెన్నైలో ఇంటిపై మరో అంతస్తు వేయాలనుకుంటే, పనులకన్నా ముందు మనుషులను కాగితం మీద రాయండి. మడిపాక్కంలో మా మేడకు ఉన్నది ఒక్క మేస్త్రి, ఆయన వెంట ఐదుగురు. గోడలూ వాళ్లే, స్లాబూ వాళ్లే, ప్లాస్టరింగూ వాళ్లే. కాబట్టి వాళ్ల చేతిమీద జరిగే పనులన్నీ ఒకదాని వెనుక ఒకటిగా పేర్చాలి. కరెంటు, పైపుల పనులను వాటి పక్కన సర్దుకోవచ్చు.

తర్వాత ప్రతి పనికీ మేస్త్రిని మూడు సంఖ్యలు అడగండి: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, ఏదీ కలిసిరాకపోతే ఎన్ని? మధ్య సంఖ్యను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతిలోని లెక్క ఇది. మా గోడలకు 10, 12, 20 అన్నారు, 13 వచ్చింది. స్లాబుకు 8, 10, 18, అంటే 11. ప్లాస్టరింగుకు 12, 15, 24; అంటే 16. మొత్తం 40.

భయంకొద్దీ అన్నిటికీ పెద్ద సంఖ్యే వేసుకుంటే 62 అవుతుంది. అలా వేయకండి, గడువు ఎంత ఇస్తే పని అంత సాగుతుంది. అదనపు రోజులను చివర ఒకేచోట దాచండి. పెద్ద సంఖ్యకూ మనకు వచ్చినదానికీ తేడాలు 7, 7, 8. వాటి వర్గాల మొత్తం 162, వర్గమూలం సుమారు 13. చివర దాచాల్సినవి అవే; 40కి కలిపితే 53 రోజులు. ఒక పని వెనకబడినా మరొకటి సమయానికి తెమలవచ్చన్న ఆధారం మీదే ఈ లెక్క నిలుస్తుంది.

వాన ఆ ఆధారాన్నే తీసేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు ఇసుక లారీ రాదు, గోడ లేవదు, ప్లాస్టరింగు ఆరదు. అన్నీ ఒక్కసారే ఆగుతాయి. ఆ నెలలను 13 రోజుల్లో ఇమడ్చలేం. స్లాబు సెప్టెంబరు మధ్యకు పడాలంటే ఆగస్టు మొదట్లోనే గోడలు మొదలవ్వాలి.

స్లాబు తర్వాతి విరామం మరీ ప్రమాదం. ఆసరాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటితే కింది ఊతకర్రలను 14 రోజులు కదపకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. గది నిండా కర్రలే, లోపల తాపీ ఆడించే చోటుండదు. పని లేదని పంపితే మేస్త్రి వేరే ఇల్లు ఒప్పుకుంటారు, మళ్లీ మన వంతు ఎప్పుడో! అందుకే బయటి గోడల ప్లాస్టరింగును ఆ రెండు వారాలకే అట్టిపెట్టండి.

ఇక ప్రతి శనివారం కూలి ఇచ్చేటప్పుడు "ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగి రాసుకోండి. మా గోడలకు 19 రోజులు పట్టింది. పని మూడో వంతే అయింది, దాచిన 13లో 6 ఖర్చయ్యాయి. ఆ శనివారమే ప్లాస్టరింగుకు మరో ఇద్దరిని మాట్లాడుకున్నాం.