మెడ మీద పడ్డవాణ్ణి లేపకండి

ఒక సంక్రాంతికి మా ఊరి కబడ్డీ పోటీల్లో రైడర్‌ని ఇద్దరు కలిసి ఎత్తేస్తే వాడు తలకిందులుగా పడ్డాడు. అంతే, పదిమంది పరిగెత్తుకొచ్చారు, ఒకరు ముఖాన నీళ్లు కొట్టారు, ఇంకొకరు కూర్చోబెట్టి మెడ అటూ ఇటూ తిప్పి చూశారు, ఆఖరికి నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో వేశారు. వాడికి ఏమీ కాలేదు, సాయంత్రం గట్టు మీద కూర్చుని ఫైనల్ కూడా చూశాడు. ఆ ఏమీ కాకపోవడమే మా కొంప ముంచింది అంటాను నేను, ఎందుకంటే చేయాల్సింది అదే అని ఊరంతా నేర్చేసుకుంది.

ఇప్పుడు సిడ్నీలో మావాడు రగ్బీ లీగ్ ఆడుతున్నాడు, శనివారాలు నీళ్ల బాటిళ్లు మోసే డ్యూటీ నాది. ఇక్కడ మెడ దెబ్బ అనగానే గుర్తొచ్చే పేరు అలెక్స్ మెకిన్నన్. న్యూకాజిల్ నైట్స్ టీమ్‌లో మంచి భవిష్యత్తు ఉందనుకున్న కుర్రాడు. 2014 మార్చి 24న మెల్‌బోర్న్ స్టార్మ్‌తో మ్యాచ్‌లో, హాఫ్ టైమ్‌కి కాస్త ముందు, ముగ్గురు కలిసి ట్యాకిల్ చేస్తే, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టబోతే, గాల్లోకి లేచి తల కిందికి వచ్చి పడ్డాడు. మెడలో నాలుగు, ఐదు నంబర్ల వెన్నుపూసలు విరిగాయి. కెరీర్ అక్కడితో సరి, ఆ తర్వాత వీల్‌ఛైరే. ట్యాకిల్ చేసినవాళ్లలో జోర్డన్ మెక్‌లీన్‌ని ఏడు మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు. తప్పెవరిదన్న వాదన పెద్దవాళ్లు చేసుకోనీ, మన గ్రౌండ్‌లో అలా ఎవరైనా పడితే ఏం చేయాలో చెప్తాను.

మొదట ఆట ఆపించండి. పక్కన ఖాళీ ఉంటే ఆటనే అక్కడికి మార్చుకోవచ్చు, పడ్డవాణ్ణి మాత్రం జరపకూడదు. పూస విరిగినా లోపలున్న నరాల తాడు ఇంకా తెగకపోయి ఉండొచ్చు, మనం ప్రేమగా లేపి కూర్చోబెట్టడంతో అది కాస్తా నలిగిపోవచ్చు. మొత్తం సంగతి ఇదే.

ఒకరు వాడి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు నేలకి ఆనించి, రెండు చేతులతో తలని పట్టుకోవాలి. ఎలా పడి ఉందో అలాగే, నిటారుగా చేయాలని లాగకండి, నొక్కకండి. ఈ పనికి కంగారుపడని మనిషిని పెట్టండి, తండ్రినో అన్ననో కాదు, వాళ్లకి చేతులు వణుకుతాయి. మాట్లాడేటప్పుడు "తల ఊపకు రా, నోటితో చెప్పు" అని ముందే చెప్పండి, లేకపోతే అడిగిన ప్రతిదానికీ వాడు తలే ఊపుతాడు. మెడ వెనక మధ్యలో నొప్పి ఉందా, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా, వేళ్లు కదులుతున్నాయా అని అడిగి, జవాబూ టైమూ ఫోన్‌లో రాసుకోండి. ఆసుపత్రిలో డాక్టర్లు మొదట అడిగేది అదే. అన్నీ కదులుతున్నాయి కదా అని లేపేయకండి, మెడ నొప్పి ఒక్కటి ఉన్నా అంబులెన్స్ రావాల్సిందే. ఇక్కడైతే 000, మన దగ్గర 108.

నీళ్లు తాగించొద్దు. టవల్ చుట్టి మెడపట్టీ తయారుచేయొద్దు, చేతులు చాలు. ఊపిరి మీద మాత్రం కన్ను వేసి ఉంచండి, ఎందుకంటే ఊపిరి ఆడించే నరం మెడలో మూడు, నాలుగు, ఐదు నంబర్ల పూసల దగ్గరే బయల్దేరుతుంది. ఊపిరి ఆగిపోతే అప్పుడు మెడ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు, వెల్లకిలా చేసి గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి, ప్రాణం ముందు. వాంతి వస్తే, తల పట్టుకున్న మనిషి లెక్కపెడుతుంటే మిగతా ముగ్గురు నలుగురు భుజాలు, నడుము, కాళ్లు పట్టుకుని దుంగని దొర్లించినట్టు అందరూ ఒకేసారి పక్కకి తిప్పాలి. ఇది చదివితే రాదండీ, ఒక ఆదివారం ఎవరినైనా పడుకోబెట్టి నాలుగుసార్లు చేసి చూడండి, మొదటిసారి అందరూ నవ్వుతారు, పర్లేదు.

మ్యాచ్‌కి ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. అంబులెన్స్ లోపలికి వచ్చే గేటు తాళం ఎవరి దగ్గరుంది? మా క్లబ్‌లో ఒకసారి ఆ తాళంచెవి ఎవరి ఇంట్లోనో ఉండిపోయింది, ఇక్కడివాళ్లేదో దేవుళ్లని మనం అనుకుంటాం గానీ.

పిల్లలకి నేర్పేవాళ్లు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాళ్ల మధ్య చెయ్యి పెట్టి ఎత్తొద్దు, పొరపాటున లేచినా వాణ్ణి భద్రంగా కిందికి దించే పూచీ ఎత్తినవాడిదే. మన కబడ్డీలో రైడర్‌ని గాల్లోకి లేపితే ఈలలు వేస్తారు చూడండి, ఆ ఈల వేసేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

ఇక కుర్రాడికి ఆట పోయిందని తేలాక... ఇక్కడే మనవాళ్లు ఎక్కువ తప్పు చేస్తారు. "ఏం కాదులే, మళ్లీ ఆడతావ్" అనకండి, డాక్టర్ వద్దన్నాడని వాడికీ తెలుసు. "పోనీలే, చదువుకోవచ్చు" అని మొదటి వారమే అనడం ఇంకా ఘోరం. మెకిన్నన్ కోసం అదే ఏడాది జూలైలో లీగ్ ఒక రౌండ్ మ్యాచ్‌లన్నిటికీ 'రైజ్ ఫర్ అలెక్స్' అని పేరు పెట్టి డబ్బు పోగుచేసింది. చిన్న క్లబ్బుకి అంత శక్తి ఉండదు, అయినా బిల్లులు, స్కాన్ కాగితాలు ఒక ఫైల్లో పెట్టి ఇన్సూరెన్స్ వెంట తిరిగే మనిషిని ఒకరిని పెట్టొచ్చు, ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ బుర్ర పనిచేయదు.

టీమ్ వాట్సాప్ గ్రూప్ నుంచి వాడి పేరు తీసేయకండి. శనివారం మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసి, స్కోర్ చెప్పమంటావా అని అడగండి. వద్దంటే ఇంకేదైనా మాట్లాడండి. వద్దన్నాడని వచ్చే శనివారం మానేయకండి.