స్పీకర్లు మంచివే, మోగుతున్నది గది: లక్షణం, కారణం, ఖర్చు

మన ఇళ్లలో పాటలు వినే గది దాదాపు ఒకేలా ఉంటుంది. కింద నున్నటి టైల్స్, పైన శ్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, ఒక పక్క గాజు కిటికీ. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. అలాంటి గదిలో ఇంకా ఖరీదైన స్పీకర్లు పెట్టినా తేడా కొంచెమే. ముందు గది జబ్బేమిటో కనిపెట్టాలి. కింద చెప్పిన ధరలు నా అంచనాలు, ఊరిని బట్టి, కొట్టును బట్టి మారతాయి.

లక్షణం: చప్పట్లు కొడితే ‘టర్‌ర్’మని సాగుతుంది, పాటలో మాటలు తేలవు

ఎదురెదురుగా ఉన్న రెండు ఖాళీ గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి తిరుగుతోందన్న మాట. పైసా ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న మందపాటి బొంతనో పాత దూది పరుపునో ఒక గోడకు నిలబెట్టి మళ్లీ చప్పట్లు కొట్టండి. ఆ టర్‌ర్ ఆగిపోతే మందు దొరికినట్టే.

ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి అద్దం చాలు. మీరు వినే చోట కూర్చోండి. ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుకుంటూ వెళ్లాలి. అద్దంలో స్పీకరు కనబడిన చోటే మొదటి ప్రతిఫలనం పుడుతుంది. అక్కడ శబ్దాన్ని పీల్చుకునే ప్యానెల్ పెట్టాలి, దాని తయారీ కింద చెబుతాను. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద మందపాటి తివాచీ, కిటికీకి బాగా కుచ్చులు పెట్టిన బరువైన కర్టెన్లు వేయండి. ఈ రెంటికీ ఐదారు వేలు పెట్టుకోండి. పలచటి పాలిస్టర్ కర్టెన్ వల్ల లాభం లేదు.

లక్షణం: ఒకటి రెండు బేస్ నోట్లే ‘బూమ్’మంటాయి, మిగతావి వినబడవు

ఇది అసలైన సమస్య. జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే.

గోడల మధ్య దూరానికి సరిపోయే తరంగాలు గదిలోనే నిలబడిపోతాయి. లెక్క తేలికే: శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి (మీటర్లలో) రెట్టింపుతో భాగించాలి. 10 అడుగులకు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు), 12 అడుగులకు 47 హెర్ట్జ్ వస్తుంది. మన బెడ్‌రూములు చాలావాటిలో వెడల్పు 10 అడుగులు, శ్లాబు ఎత్తూ దాదాపు అంతే. అంటే అదే 56 రెండు దిక్కుల నుంచీ పోగుపడుతుంది. సినిమా పాటలో డ్రమ్ము దెబ్బ గదంతా నిండి గొంతును మింగేసేది అందుకే.

ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, దాన్ని స్పీకర్లకు కలిపి, వాల్యూమ్ మార్చకుండా 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచండి. ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ మాయమవుతోందో చెవికే తెలుస్తుంది.

మొదటి చికిత్సకు ఖర్చు లేదు. మన హాళ్లలో సోఫా గోడకు ఆనించే ఉంటుంది, బేస్ బాగా పోగయ్యేదీ గోడ దగ్గరే. సోఫాను రెండు మూడడుగులు ముందుకు లాగండి. సరిగ్గా గది మధ్యలో మాత్రం వద్దు, అక్కడ కొన్ని నోట్లు పూర్తిగా పడిపోతాయి. చోటుంటే ఇంకా ముందుకు, గది పొడవులో వెనక గోడ నుంచి 38 శాతం దూరంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ జరిపి వినండి. స్పీకర్లు మూలల్లో ఉంటే బయటికి తీయండి.

తర్వాత మూలల్లో బేస్ ట్రాప్‌లు, అంటే బేస్‌ను పీల్చుకునే మందపాటి ప్యానెళ్లు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు 20 అడుగులు. అంగుళం మందం ఫోమ్ గానీ కోడిగుడ్ల అట్టలు గానీ దాన్ని ఏమీ చేయలేవు. మందం కావాలి. ఫాల్స్ సీలింగ్, ఏసీ ఇన్సులేషన్ సామాను అమ్మే కొట్లలో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు దొరుకుతాయి. నాలుగడుగులకు రెండడుగులు, 2 అంగుళాల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్నవి అడగండి. పలక 300 నుంచి 500. రెండు పలకలు కలిపి 4 అంగుళాలు చేసి, వడ్రంగితో చెక్క ఫ్రేము కొట్టించి గుడ్డ చుట్టాలి. ఆ గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. రెక్సిన్ పనికిరాదు. అన్నీ కలిపి ఒక్కో ప్యానెల్‌కు 1,700 నుంచి 2,300 అవుతుంది. ఆరు చేయించుకోండి: రెండు మూలల్లో ఒకదాని మీద ఒకటి చొప్పున నాలుగు, పక్క గోడలకు రెండు. మొత్తం 10 నుంచి 14 వేలు. మూల ప్యానెళ్లను రెండు గోడల మధ్య ఐమూలగా, మూలకు అడ్డంగా నిలబెట్టి వెనక ఖాళీ వదలండి. పక్క గోడలవీ ఒకటి రెండు అంగుళాల ఎడంతో బిగించండి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చెమ్మ పట్టకుండా కూడా ఆ ఎడం అవసరం.

రాక్‌వూల్ ఒంటికి దురద పెడుతుంది. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, ఫుల్ చేతుల చొక్కా ఉండాల్సిందే. అది నిప్పుకు అంటుకోదు, మామూలు పీయూ (పాలీయురెథేన్) ఫోమ్ మాత్రం భగ్గున మండుతుంది. దీపారాధన జరిగే గదిలో, ప్లగ్గుల పక్కన ఆ ఫోమ్ అంటించవద్దు.

ఇంకా మిగిలిన ఉబ్బును ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో, తగ్గించవచ్చు. కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితం, మైకు ఒకటి కొనుక్కోవాలి. పడిపోయిన నోటును మాత్రం ఈక్వలైజర్‌తో లేపాలని చూడకండి, యాంప్లిఫయర్‌కు భారం తప్ప ఫలితం ఉండదు.

లక్షణం: గొంతు మధ్యలో నిలవకుండా ఒక పక్కకు లాగుతుంది

ఒక స్పీకరు పక్కన గోడ, రెండోదాని పక్కన ఖాళీ గుమ్మం ఉంటే ఇలాగే అవుతుంది. గోడ వైపు ప్యానెల్ పెట్టి, రెండు స్పీకర్లూ మీకు సమాన దూరంలో ఉన్నాయో లేదో టేపుతో కొలవండి.

లక్షణం: బేస్ వచ్చినప్పుడల్లా గరగర

స్పీకరు చెడిపోయిందనుకుంటారు. ముందు స్టీలు బీరువా తలుపు మీద చేయి వేసి చూడండి. తర్వాత షోకేసు అద్దాలు, కిటికీ రెక్కలు. ఫెల్టు ముక్కలు, రబ్బరు బిళ్లలు వంద రూపాయలకు వస్తాయి.

లక్షణం: ట్రీట్‌మెంట్ చేశాక పాటలో జీవం పోయింది

గోడలన్నిటికీ పలచటి ఫోమ్ అంటించి ఉంటారు. పైస్థాయి శబ్దం (ట్రెబుల్) అంతా అది తాగేసింది, బేస్ అలాగే ఉంది. సగం ఊడదీసి, ఆ చోట పుస్తకాల అర పెట్టండి. పుస్తకాలు ఎత్తుపల్లాలుగా ఉంటే శబ్దాన్ని చంపకుండా చెదరగొడతాయి.

లక్షణం: పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడుతున్నారు

పైన చెప్పినవేవీ దీనికి పనిచేయవు. అవి గది లోపలి శబ్దాన్ని బాగు చేస్తాయే గానీ, గోడ దాటేదాన్ని ఆపవు. ఆపాలంటే బరువైన అదనపు గోడ, సందు లేని తలుపు కావాలి, ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. అద్దె ఇంట్లో అది కుదరదు. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించి, సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడకు దూరంగా జరిపి, రాత్రి తొమ్మిది దాటాక దాన్ని ఆపేయండి.