విండోస్ లాప్‌టాప్ మరమ్మతు, 4వ పాఠం: అప్‌డేట్ మధ్యలో చెడి రీస్టార్ట్ ఆగనప్పుడు

కిందటి పాఠంలో పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా లాప్‌టాప్‌లో ఏది ముందు లేస్తుందో, ఏది తర్వాత లేస్తుందో చూశాం. ముందు ఫర్మ్‌వేర్ (లాప్‌టాప్ బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాం), తర్వాత బూట్ మేనేజర్ (డిస్కులోని విండోస్‌ను మొదలుపెట్టేది), ఆపైన విండోస్ కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (ఒక్కో పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాములు), చివరికి లాగిన్. ఆ వరస ఇవాళ బాగా పనికొస్తుంది. గుర్తు లేకపోతే ఒకసారి తిరగేసి రండి.

ఇవాళ్టి సమస్య ఇదీ. అప్‌డేట్ మొదలైంది, లాప్‌టాప్ రీస్టార్ట్ అయింది. లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, మళ్లీ రీస్టార్ట్. మళ్లీ లోగో, మళ్లీ చుక్కలు. ఎంతసేపు చూసినా డెస్క్‌టాప్ రాదు. లోపలున్న ఫోటోలు, ఆఫీసు పని ఏమయ్యాయోనని టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది కనిపించిన మొదటి చిట్కా పట్టుకుని రీసెట్ కొట్టేస్తారు. విండోస్ తిరిగొస్తుంది, ఫైళ్లు పోతాయి. అందుకే ఈ పాఠంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: లాప్‌టాప్ ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతోందో చూడకుండా దేన్నీ మార్చొద్దు.

లోపల ఏం జరుగుతోంది?

విండోస్ నడుస్తున్నంతసేపూ దాని ముఖ్యమైన ఫైళ్లు వాడుకలో ఉంటాయి. వాడుకలో ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టడం కుదరదు. అందుకని అప్‌డేట్ తాను చేయాల్సిన మార్పులను ఒక జాబితాగా రాసి పెట్టుకుంటుంది. రీస్టార్ట్ అయ్యాక, మీరు లాగిన్ కాకముందే, ఆ జాబితా ప్రకారం ఫైళ్లు మారుస్తుంది. ఆ సమయంలో బ్యాటరీ అయిపోయినా, డిస్కులో చోటు చాలకపోయినా, ఒక ఫైలు పాడై ఉన్నా పని సగంలో ఆగిపోతుంది. తర్వాతిసారి విండోస్ ఆ మిగిలిన జాబితా చూసి పని మళ్లీ మొదలుపెడుతుంది, అదే చోట ఆగిపోతుంది, మళ్లీ రీస్టార్ట్ అవుతుంది.

ఇందులో మనకు ధైర్యమిచ్చే విషయం ఒకటుంది. ఆ జాబితాలో ఉండేవి విండోస్ సొంత ఫైళ్లు. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు ‘యూజర్స్’ ఫోల్డర్లో ఉంటాయి. నెలవారీ అప్‌డేట్ వాటి జోలికి పోదు. కాబట్టి లాప్‌టాప్ తెరుచుకోకపోయినా, చాలా సందర్భాల్లో ఫైళ్లు పదిలంగానే ఉంటాయి. అవి పోయేది ఎక్కువగా మనం తర్వాత కంగారులో చేసే పనుల వల్లే.

ముందు చూడండి

చార్జర్ పెట్టండి. పెన్ డ్రైవ్, మెమరీ కార్డు, మౌస్ డాంగిల్, బయటి మానిటర్, డాక్ అన్నీ తీసేయండి. ఇది వట్టి లాంఛనం కాదు. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్‌ను, బయటి యూఎస్‌బీ పరికరం గానీ మెమరీ కార్డు గానీ ఉన్న కంప్యూటర్లలో ఎక్కకుండా మైక్రోసాఫ్టే కొంతకాలం ఆపింది. అవి తగిలించి ఉంటే డ్రైవ్ అక్షరాలు (సి, డి లాంటి డ్రైవ్ పేర్లు) తారుమారయ్యే ప్రమాదం ఉండడమే కారణం.

ఇక చేతులు కట్టుకుని రెండు మూడు చుట్లు చూడండి. తెరపై వచ్చే ప్రతి మాటనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

‘వర్కింగ్ ఆన్ అప్‌డేట్స్’ అని శాతం కనిపిస్తూ, ఆ శాతం కదులుతుంటే అది చెడిపోవడం కాదు. పెద్ద అప్‌డేట్ తనంతట తానే కొన్నిసార్లు రీస్టార్ట్ అవుతుంది. శాతం మళ్లీ సున్నా నుంచి మొదలైనా ఫర్వాలేదు. ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని వస్తే ఇంకా మంచిది. చేసిన మార్పులను విండోస్ తనే వెనక్కి తీసుకుంటోందన్నమాట. అప్పుడు మాత్రం అస్సలు ఆపొద్దు. పాత హార్డ్ డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో ఇది గంటలు పట్టవచ్చు. శాతం కదలకుండా ఉన్నా, నేనైతే కనీసం మూడు గంటలు వదిలేస్తాను. అదే సందేశం, అదే శాతం, అక్కడే రీస్టార్ట్, ఇలా వరసగా మూడుసార్లు జరిగితే అప్పుడు ఇరుక్కుపోయిందని ఒప్పుకోవచ్చు.

తయారీ కంపెనీ లోగో దగ్గరే, చుక్కలు కూడా రాకుండా తిరిగిపోతుంటే విండోస్ ఇంకా మొదలే కాలేదు. అక్కడ ఫర్మ్‌వేర్‌ను, డిస్కును అనుమానించాలి. లాగిన్ దాకా వచ్చి, లేదా డెస్క్‌టాప్ ఒక్క క్షణం కనిపించి పడిపోతుంటే డ్రైవర్ మీదో యాంటీవైరస్ మీదో అనుమానం పెట్టుకోవాలి. నీలి తెర గానీ, కొత్త విండోస్ 11లో అయితే నల్ల తెర గానీ వస్తే దాని మీద స్టాప్ కోడ్, అంటే విండోస్ ఎందుకు పడిపోయిందో చెప్పే గుర్తు, ఉంటుంది. ఆ కోడ్ ఫోటో తప్పకుండా తీయండి.

48 అంకెల తాళం

విండోస్ మొదలవకపోయినా తెరుచుకునే మరమ్మతు మెనూ ఒకటుంది, దాన్నే మరమ్మతు తెర అంటున్నాను. అందులోకి వెళ్లేముందే ఒక సంగతి తేల్చుకోవాలి. దీన్ని వదిలేసి ముందుకు పోయినవాళ్లు సగం దారిలో ఆగిపోతారు.

ఈమధ్య వస్తున్న చాలా లాప్‌టాప్‌లలో డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అంటే సరైన కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలో ఉంటుంది. విండోస్‌లో ఈ తాళం పేరు బిట్‌లాకర్. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, చాలా లాప్‌టాప్‌లలో ఇది దానంతటదే ఆన్ అవుతుంది. అది ఆన్ అయినట్టు కూడా చాలామందికి తెలియదు. మామూలు రోజుల్లో ఆ తేడా కనిపించదు. మరమ్మతు తెరలో మాత్రం ‘బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వండి’ అని అడుగుతుంది. అది 48 అంకెల సంఖ్య.

ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, ఆ లాప్‌టాప్‌లో వాడే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వండి. డివైసెస్ విభాగంలో మీ లాప్‌టాప్ వివరాల దగ్గర రికవరీ కీలు ఉంటాయి. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే, లాప్‌టాప్ తెర మీది కీ ఐడీతో పోల్చి సరైనది తీసుకోండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే కీ అక్కడి ఐటీ విభాగం దగ్గర ఉంటుంది, వాళ్లనే అడగండి. ఆ కీ ఎక్కడా దొరకకపోతే డిస్కును తెరిచి ఇవ్వడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు. అందుకే చెబుతున్నాను: లాప్‌టాప్ బాగున్న రోజునే ఆ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి.

మరమ్మతు తెరలోకి వెళ్లడం

వరసగా రెండుసార్లు మొదలవడంలో విఫలమైతే, మూడోసారి విండోస్ సాధారణంగా తనే మరమ్మతు తెర చూపిస్తుంది. చూపించకపోతే మనమే రప్పించాలి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి, లోగో కనిపించగానే మళ్లీ పది సెకన్లు నొక్కిపట్టండి. ఇంకోసారి అలాగే చేయండి. ఆ తర్వాత ఆన్ చేసి వదిలేస్తే ‘ఆటోమేటిక్ రిపేర్’ అని వస్తుంది. అక్కడ ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, తర్వాత ‘ట్రబుల్‌షూట్’, ఆ లోపల మళ్లీ ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’. అదే పేరు రెండుచోట్ల ఉంటుంది, తికమక పడొద్దు. మనకు కావలసింది లోపలిది.

ఇక్కడికి వచ్చాక కీబోర్డు, మౌస్ పలక్కపోతే అవి పాడయ్యాయని అనుకోకండి. 2025 అక్టోబరు 14న విండోస్ 11కు వచ్చిన అప్‌డేట్ వల్ల మరమ్మతు తెరలో యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయకుండా పోయాయి. అక్టోబరు 20న మరో అప్‌డేట్‌తో సరిచేశారు. అలాంటప్పుడు టచ్ స్క్రీన్ ఉంటే దాంతో, లేదంటే ముందే చేసి పెట్టుకున్న రికవరీ పెన్ డ్రైవ్‌తో లోపలికి వెళ్లాలి.

ఏ వరసలో చేయాలి?

మొదట ‘స్టార్టప్ రిపేర్’. ఒక్కసారి చాలు. కుదిరితే కుదిరినట్టు, లేకపోతే అదే పనిగా నొక్కుతూ కూర్చోవద్దు.

తర్వాతది ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’. మన సమస్యకు అసలు మందు ఎక్కువసార్లు ఇదే. లోపల రెండు ఎంపికలుంటాయి. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చేది. దీన్ని మైక్రోసాఫ్ట్ మామూలుగా ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. ఫీచర్ అప్‌డేట్ అంటే విండోస్ వెర్షనే మారేది. మీ అప్‌డేట్ గంటల తరబడి సాగి, విండోస్ కొత్త వెర్షన్ వస్తోందని ముందే చెప్పి ఉంటే రెండోది ఎంచుకోండి. లేకపోతే మొదటిది. ఫీచర్ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకోవడానికి మామూలుగా 10 రోజులే గడువు. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లను తీసేస్తుంది. కాబట్టి ‘వచ్చే నెల చూద్దాంలే’ అని పక్కన పెట్టకండి.

లాగిన్ దాకా వచ్చి పడిపోతున్న లాప్‌టాప్‌కు సేఫ్ మోడ్ మంచి పరీక్ష. ‘స్టార్టప్ సెట్టింగ్స్’లో రీస్టార్ట్ కొడితే అంకెల జాబితా వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్. స్టాప్ కోడ్ కనిపించీ కనిపించకముందే మాయమవుతుంటే 9 నొక్కండి. పడిపోయిన వెంటనే రీస్టార్ట్ కాకుండా ఆ తెర నిలబడుతుంది. సేఫ్ మోడ్‌లో లాప్‌టాప్ హాయిగా నడిస్తే, విండోస్ మూలం బాగానే ఉందన్నమాట. ఈమధ్య వేసిన డ్రైవర్‌నో యాంటీవైరస్‌నో అక్కడే తీసేసి చూడండి.

2024 జులై 19న ప్రపంచమంతా చూసింది ఇలాంటిదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక్క చెడ్డ ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. వాటిలో ఎన్నో రీస్టార్ట్‌ల్లో ఇరుక్కుపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులు నిలిచాయి. అది విండోస్ అప్‌డేట్ కానే కాదు. చివరికి చేసిన వైద్యం కూడా చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తొలగించడం. ఎక్కడ పడిపోతోందో తెలిస్తే ఎంత తక్కువ పనితో బయటపడవచ్చో చూడండి.

‘సిస్టమ్ రీస్టోర్’ కూడా ప్రయత్నించవచ్చు గానీ, ముందే రీస్టోర్ పాయింట్లు, అంటే బాగున్న రోజున విండోస్ దాచుకున్న పాత స్థితులు, ఉంటేనే అది పనికొస్తుంది.

ఫైళ్లు బయటికి తీయడం

ఇవేవీ పనిచేయకపోతే, కమాండ్లు కొట్టే ముందు ఫైళ్లు బయటికి తెచ్చుకోండి. దీనికొక చక్కటి దారి ఉంది. లోపలి ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోనే ఉండే ‘కమాండ్ ప్రాంప్ట్’ (కమాండ్లు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి, ఇంగ్లీషులో ‘నోట్‌ప్యాడ్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ‘ఓపెన్’ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ అని మార్చండి. ఇప్పుడు ఆ చిన్న కిటికీలోనే మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. యూజర్స్ ఫోల్డర్లో మీ పేరున్న ఫోల్డర్ తెరిచి, కావలసినవి రైట్ క్లిక్‌తో కాపీ చేసి, పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఎంత కాపీ అయిందో చూపించే గీత ఇక్కడ రాదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పాడైందనుకుని మూసేయకండి, ఓపిక పట్టండి. కొంచెం కొంచెంగా కాపీ చేసుకుంటే మంచిది.

విండోస్ ఫోల్డర్ ఉన్న డ్రైవ్ అక్షరం ఏమిటో కూడా ఇక్కడే చూసి రాసుకోండి. మరమ్మతు తెరలో అది ప్రతిసారీ సి అనే ఉండాలని లేదు, డి కావచ్చు, ఈ కావచ్చు. ఎక్స్ అని కనిపించేది మరమ్మతు తెర తన కోసం తాత్కాలికంగా పెట్టుకున్నది. దాని జోలికి పోవద్దు.

రెండు కమాండ్లు

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. విండోస్ ఉన్నది డి అనుకుందాం.

డిస్మ్ /ఇమేజ్:డి:\ /క్లీనప్-ఇమేజ్ /రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్

డిస్మ్ అంటే డి, ఐ, ఎస్, ఎమ్ అనే నాలుగు అక్షరాలు. చివరి మూడు మాటల మధ్య ఖాళీ ఉండదు, ప్రతి ఏటవాలు గీతకు (/) ముందు మాత్రం ఒక ఖాళీ ఉండాలి. పైన చెప్పుకున్న సగంలో ఆగిన జాబితా ఉంది కదా, దాన్ని రద్దు చేయమని చెప్పడమే ఇది. ‘పెండింగ్ పనులు ఉన్నాయి కాబట్టి అప్‌డేట్ తీయలేం’ అని ఇందాక వచ్చి ఉంటే సరిగ్గా దీని అవసరమే ఉంది. బాగా నడుస్తున్న లాప్‌టాప్‌లో సరదాకి ప్రయత్నించకండి. వెనక్కి తీసుకునే పని తర్వాతి రీస్టార్ట్‌లో జరుగుతుంది. అప్పుడు ఆలస్యమైనా కదిలించొద్దు.

ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ /ఆఫ్‌బూట్‌డిర్=డి:\ /ఆఫ్‌విన్‌డిర్=డి:\విండోస్

డిర్ అంటే డి, ఐ, ఆర్. ఇది పాడైన విండోస్ ఫైళ్లను వెతికి, మంచి ప్రతి దొరికితే మార్చుతుంది.

‘రీసెట్ దిస్ పీసీ’ చిట్టచివరిది. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. కాపీ చేతికొచ్చాకే దాని వైపు చూడండి.

డెస్క్‌టాప్ వచ్చాక

వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లను పాజ్ చేయండి, లేకపోతే అదే అప్‌డేట్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. విండోస్ 11లో అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. ఈలోగా డిస్కులో కనీసం 20 జీబీ ఖాళీ చేసుకుని, లాప్‌టాప్ తయారీ కంపెనీ సైటు నుంచి డ్రైవర్లు తాజాపరచండి. తర్వాత, చార్జర్ పెట్టి, చేతిలో సమయం ఉన్న రోజున అప్‌డేట్ మళ్లీ ఇవ్వండి. ఒకసారి దెబ్బ తగిలిందని అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయడం మాత్రం నేను ఒప్పుకోను. భద్రతా లోపాలను పూడ్చేవి అవే.

అభ్యాసం

బాగున్న లాప్‌టాప్‌లోనే చేయండి. ముందు రికవరీ కీ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేస్తే మరమ్మతు తెర వస్తుంది. ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ ఎక్కడున్నాయో చూడండి, వాటిని నొక్కొద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, విండోస్ ఏ డ్రైవ్‌లో ఉందో కనుక్కుని, ఒక ఫోటోను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అన్నీ మూసి ‘కంటిన్యూ’ నొక్కితే విండోస్‌లోకి తిరిగొస్తారు.

వచ్చే పాఠంలో పెన్ డ్రైవ్‌తో విండోస్‌ను మళ్లీ వేయడం. దానికి కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీదే తీసుకోండి.