గే యువకులు భారత సైన్యంలో చేరేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చాక, ఇద్దరు వయోజనులు ఇష్టపడి ఏకాంతంలో పెట్టుకునే స్వలింగ సంబంధం ఈ దేశంలో నేరం కాదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఇది చూసి, ఇక సైన్యంలోనూ భయపడాల్సింది లేదనుకుని ఆర్మీకి దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు. అది నిజం కాదు. యూనిఫాం వేసుకున్న రోజు నుంచి మీకు 1950 నాటి ఆర్మీ చట్టం కూడా వర్తిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పు దాని జోలికి వెళ్లలేదు.

ఆ చట్టంలో మూడు సెక్షన్లు చేరకముందే చదవండి. 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన లేదా 'అసహజమైన' అవమానకర ప్రవర్తన గురించి. కోర్ట్ మార్షల్‌లో (సైనిక న్యాయస్థానంలో) రుజువైతే ఏడేళ్ల దాకా జైలు. 45వ సెక్షన్ హోదాకు తగని ప్రవర్తన గురించి. ఇది ఆఫీసర్లకు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) వర్తిస్తుంది, ఉద్యోగం పోతుంది. 63వ సెక్షన్ క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనికైనా వర్తిస్తుంది. దీని పరిధి ఎంత విశాలమంటే మిగతా రెండింటిలో ఇమడనిదాన్ని ఇందులో ఇమిడ్చేయవచ్చు, శిక్ష మళ్లీ ఏడేళ్ల దాకా. సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితులు పెట్టే అధికారాన్ని రాజ్యాంగంలోని 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. 2019 జనవరిలో అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్, సైన్యంలో ఇలాంటివి అంగీకరించమని, ఆర్మీ చట్టం సెక్షన్ల కిందే చూస్తామని విలేకరుల ముందే చెప్పారు. ఎయిర్‌ఫోర్స్‌కు 1950 నాటి సొంత చట్టం ఉంది, నేవీకి 1957 నాటిది. బీఎస్ఎఫ్ లాంటి దళాలకూ వేరే చట్టాలున్నాయి. ఏ దళంలో చేరాలనుకుంటే దాని చట్టం తెచ్చుకుని చదవండి.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. ఈ సెక్షన్లు శిక్షించేది ప్రవర్తనను. ఒకరి మనసులో ఎవరిపై ఇష్టముందన్నది వాటిలో నేరంగా లేదు. ఇకపై చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ తేడా చుట్టూనే ఉంటాయి.

మీరెందుకు చేరుతున్నారు?

దేశం కోసం, జీతం కోసం, చిన్నప్పటి కల కోసం చేరేవాళ్లకు ఈ వ్యాసం పనికొస్తుంది. 'మిలిటరీలో వేస్తే మగాడవుతాడు' అన్న మాట నమ్మి ఇంట్లోవాళ్లు పంపిస్తున్నా, మిమ్మల్ని మీరే మార్చుకుందామని వెళ్తున్నా, దయచేసి ఆగండి. గే కావడం జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ప్రకటించింది. మార్చే 'చికిత్స' చేస్తే అది వైద్యుడి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. కవాతు వల్ల, దండన వల్ల ఆకర్షణ మారదు. తన మీద తనకే అసహ్యంతో బ్యారక్‌లో అడుగుపెట్టిన కుర్రాడికి నిద్రలేమి, తిట్లు, ఒంటరితనం తోడైతే అది ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ఆలోచనలు ఇప్పటికే వస్తుంటే ముందు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు. దరఖాస్తు తర్వాత చూసుకోవచ్చు.

అగ్నివీర్‌గా చేరితే నాలుగేళ్లు మధ్యలో మానేయడం దాదాపు కుదరదు. సొంత కోరికపై విడుదలను చాలా అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోరు. పారిపోవడం అన్నిటికంటే చెడ్డ దారి. సెలవు లేకుండా కనిపించకపోతే 39వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా, డెజర్షన్ (సైన్యాన్ని వదిలి పారిపోవడం) అని తేల్చితే 38 కింద మామూలు పరిస్థితుల్లోనే ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అందుకే సందేహాలన్నీ సంతకానికి ముందే తేల్చుకోవాలి. సైన్యం కోసం పనిచేయాలన్నదే ముఖ్యమైతే డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ), ఎంఈఎస్ (సైనిక ఇంజినీరింగ్ విభాగం) లాంటి చోట్ల సివిలియన్ ఉద్యోగాలున్నాయి. వాటికి మామూలుగా ఆర్మీ చట్టం వర్తించదు. ఈ దారిని చాలామంది చూడకుండానే వదిలేస్తారు.

దరఖాస్తు, మెడికల్, ఎస్ఎస్‌బీ

భర్తీ కాగితాల్లో అడిగేవి వయసు, చదువు, పెళ్లి, పోలీసు కేసులు వంటివి. అడిగినదానికి నిజమే రాయండి. భర్తీ ఫారంలో తెలిసి తప్పుడు జవాబు ఇచ్చారని తర్వాత బయటపడితే 44వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పాత కేసు ఉంటే, కొట్టేసినదైనా సరే, కాగితాలు దగ్గర పెట్టుకుని రాయండి. అడగనిది చెప్పాల్సిన బాధ్యత మాత్రం మీకు లేదు.

మెడికల్‌లో బట్టలు విప్పించి చూస్తారు. హెర్నియా, హైడ్రోసీల్, వెరికోసీల్, దిగని వృషణం, మొలల కోసం ఆ పరీక్ష. గే అన్నది ఏ శరీర పరీక్షలోనూ తెలియదు. ఆ భయంతో వణికి బీపీ పెరిగి, దానివల్ల వెనక్కి రావడం అనవసరం. సుఖవ్యాధి ఏదైనా ఉంటే మాత్రం అనర్హత రావచ్చు. ఇప్పటికే సంబంధాలున్నవాళ్లు భర్తీ ర్యాలీకి కనీసం మూడు నెలల ముందు ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) హెచ్ఐవీ పరీక్ష, దానితోపాటు సిఫిలిస్ పరీక్ష చేయించుకోండి. ఐసీటీసీలో ఉచితం, వివరాలు గోప్యం. యాంటీబాడీ ర్యాపిడ్ టెస్టులో ఫలితం ఖాయంగా తేలడానికి చివరి సంబంధం తర్వాత 90 రోజులు పట్టవచ్చు. అందుకే మూడు నెలలు అంటున్నాం. సిఫిలిస్‌ను ముందే పట్టుకుంటే ఇంజెక్షన్‌తో నయమవుతుంది. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097లో చెబుతారు.

ఆఫీసర్ కావాలనుకునేవాళ్లకు ఎస్ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు) పరీక్షలు ఐదు రోజులు. బొమ్మలు చూసి కథలు రాయాలి, ఒక్కో కథకు నాలుగు నిమిషాలు. తర్వాత 60 మాటలు చూపిస్తారు, ఒక్కోదానికి 15 సెకన్లలో ఒక వాక్యం రాయాలి. 60 సందర్భాల్లో మీరేం చేస్తారో 30 నిమిషాల్లో రాయాలి. చివర తల్లిదండ్రులు, స్నేహితులు మీ గురించి ఏమనుకుంటారో 15 నిమిషాల్లో రాయాలి. ఇవన్నీ, మీ వివరాలతో నింపిన పీఐక్యూ ఫారం, ఇంటర్వ్యూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూస్తారు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు లేని గర్ల్‌ఫ్రెండ్‌ను సృష్టించడం. ఇంటర్వ్యూలో ఆమె ఊరు, చదువు, ఎలా పరిచయం అని నాలుగు ప్రశ్నలు పడేసరికి కథ తేలిపోతుంది. మీరు దొరికేది అబద్ధానికి, గే అయినందుకు కాదు. 'ప్రస్తుతం ఎవరూ లేరు సార్, కెరీర్ మీదే దృష్టి' అన్నది నిజమైతే అంతవరకే చెప్పి ఆగండి. స్నేహితులు, ఆటలు, ఊరు, చదువు గురించి చెప్పడానికి మీ దగ్గర నిజాలే బోలెడున్నాయి.

ఫోన్

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ కావాలి. విషయం బయటపడేది ఎక్కువగా ఫోన్‌లోంచే. ట్రైనింగ్ సెంటర్లో ఫోన్లు తీసేసుకుని ఖాళీ వేళల్లో ఇవ్వడం మామూలు. ఫోన్ ఉస్తాద్ (శిక్షకుడి) చేతిలో ఉన్నప్పుడు తెర మీద ఒక నోటిఫికేషన్ మెరిస్తే చాలు.

డేటింగ్ యాప్ తీసేయడం అంటే ఐకాన్ తీసేయడం కాదు. యాప్ తీసేసినా ప్రొఫైల్ సర్వర్‌లో ఉంటుంది, ఇతరులకు కనిపిస్తుంది. ముందు యాప్ లోపల సెట్టింగుల్లో ఖాతానే డిలీట్ చేయాలి, ఆ తర్వాత యాప్ తీసేయాలి. చందా ఉంటే దాన్ని ప్లే స్టోర్‌లో విడిగా రద్దు చేయాలి, లేదంటే డబ్బు కట్ అయినప్పుడల్లా మెయిల్ వస్తుంది. గూగుల్ ఫొటోస్ బ్యాకప్, ట్రాష్, వాట్సాప్ బ్యాకప్, వాట్సాప్ లింక్డ్ డివైసెస్ వరసగా చూసుకోండి. ఇంట్లో తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మీ వాట్సాప్ వెబ్ తెరిచే ఉండవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో కాంటాక్ట్ సింక్ ఆపండి. అదే ఫోన్ నంబరుతో తెరిచిన రెండో ఖాతాను, మీ నంబరు దాచుకున్న మేనమామకో, బ్యాచ్‌మేట్‌కో 'మీకు తెలిసినవారు' అంటూ అదే చూపిస్తుంది.

2020 జులైలో సైన్యం తన సిబ్బందిని 89 యాప్‌లు తీసేయమని ఆదేశించింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తోపాటు టిండర్, ఓకేక్యుపిడ్, హింజ్, బంబుల్ అందులో ఉన్నాయి. సోషల్ మీడియా నియమాలు మారుతుంటాయి, చేరిన రోజు ఏవి అమల్లో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. యాప్ వాడారన్నదే ఆదేశ ఉల్లంఘన అయితే, అందులో ఎవరితో మాట్లాడారన్న ప్రశ్న దాకా వెళ్లనక్కర్లేదు. పైగా దూరం చూపించే యాప్‌లో మూడు చోట్ల నుంచి దూరం కొలిస్తే మీరున్న చోటు తేలుతుంది. కంటోన్మెంట్‌లో అది యూనిట్ భద్రతకే ముప్పు.

సభలు, ప్రదర్శనల విషయమూ ఇంతే. అనుమతి లేకుండా రాజకీయ లేదా 'ఇతర' ప్రయోజనాల కోసం జరిగే ప్రదర్శనల్లో పాల్గొనడాన్ని, పత్రికలతో మాట్లాడడాన్ని ఆర్మీ చట్టం 21వ సెక్షన్ కింద పరిమితం చేయవచ్చు. ప్రైడ్ వాక్‌కు చేరకముందు వెళ్లడం మీ హక్కు. చేరాక వెళ్లడం వేరే సంగతి.

బ్యారక్‌లో

యూనిట్ లోపల సంబంధం వద్దు. ఇద్దరికీ ఇష్టమైనా వద్దు, ఒకరు మరొకరికి పై ర్యాంకు అయితే అసలే వద్దు. సెలవులో, క్యాంపస్ బయట ఉన్నా ఆర్మీ చట్టం మీకు వర్తిస్తూనే ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంకో మాట, అగ్నివీర్‌గా పదిహేడున్నర ఏళ్లకే చేరవచ్చు. పక్క మంచంవాడికి 18 నిండకపోవచ్చు. అప్పుడు ఇష్టం అన్న మాటకే విలువ లేదు, అది పోక్సో నేరం.

చేరగానే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక న్యాయమైనదే. కానీ చెప్పే మనిషి యూనిట్ బయట ఉండాలి. పాత స్నేహితుడో, అక్కో, కౌన్సెలరో అయితే మంచిది. నెలకు రెండుసార్లైనా వాళ్లతో మాట్లాడండి. తాగినప్పుడు మాత్రం ఎవరితోనూ ఈ మాట ఎత్తొద్దు.

బలవంతం జరిగితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. భారతీయ న్యాయ సంహితలో పురుషుడిపై అత్యాచారానికి ప్రత్యేక సెక్షన్ లేదు. ఆర్మీ చట్టంలో 46వ సెక్షన్, పై ర్యాంకు వాడు బలప్రయోగం చేస్తే 47వ సెక్షన్ ఉన్నాయి. మొదటి ఫిర్యాదులోనే 'నా ఇష్టం లేకుండా, బలవంతంగా' అని స్పష్టంగా రాయండి. ఆ మాట లేకపోతే 46వ సెక్షన్ మీ మీదికే తిరగవచ్చు. బట్టలు ఉతకొద్దు. 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందు మొదలుపెట్టించుకోవాలి. అది 28 రోజులు వాడాలి.

బెదిరింపు వస్తే

ఫొటోలు పెట్టి డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. చాట్, నంబరు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకుని బయటి లాయరుతో మాట్లాడండి. సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, డబ్బు పోయి ఉంటే హెల్ప్‌లైన్ నంబరు 1930 ఉంది. డబ్బు బదులు యూనిట్ ఎక్కడుంది, ఎటు కదులుతోంది అని అడిగితే మాత్రం గంట కూడా ఆగకుండా పై అధికారికి చెప్పాలి. గే అని తెలిస్తే పోయేది ఉద్యోగం కావచ్చు. సమాచారం ఇస్తే అధికార రహస్యాల చట్టం కింద జీవితమే పోతుంది, తోటివాళ్ల ప్రాణాలూ పోవచ్చు.

ఇల్లు, పెళ్లి, డబ్బు

అగ్నివీర్‌గా ఉన్న నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. సంబంధాలు తెచ్చే ఇంటివాళ్లకు చెప్పడానికి ఇది నిజమైన కారణం. ఆ తర్వాత ఒత్తిడి రెట్టింపు అవుతుంది, దానికి ఇప్పుడే సిద్ధపడండి. ఒప్పుకుని ఒక ఆడపిల్ల జీవితాన్ని అడ్డుపెట్టుకోవడం అన్యాయం.

అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెల ప్యాకేజీ 30,000 రూపాయలు, అందులో 9,000 సేవా నిధికి (నాలుగేళ్ల తర్వాత ఇచ్చే నిధికి) పోగా చేతికొచ్చేది 21,000. అంతా ఇంటికి పంపేయకుండా లాయరు ఖర్చులకు, కొన్నాళ్ల అద్దెకు సరిపడా మీ సొంత ఖాతాలో ఉంచుకోండి. 2023 అక్టోబర్ 17 తీర్పులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించలేదు కాబట్టి, మీ భాగస్వామికి ఫ్యామిలీ పెన్షన్, క్వార్టర్ రావు. బ్యాంకు ఖాతాకు మాత్రం నామినీగా పెట్టవచ్చు, ఉమ్మడి ఖాతా తెరవవచ్చు. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ దీన్ని స్పష్టం చేసింది. ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసి బయట నమ్మకస్తుల దగ్గర ఉంచండి.

విచారణ మొదలైతే

అప్పుడు ఏదీ డిలీట్ చేయొద్దు, అది మీకు వ్యతిరేకంగానే నిలుస్తుంది. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో (నిజాలు తేల్చడానికి సైన్యం జరిపే విచారణలో) మీ పేరుప్రతిష్ఠలకు సంబంధించిన విషయం వస్తే, ఆర్మీ రూల్ 180 ప్రకారం మొత్తం విచారణలో కూర్చోవడానికి, సాక్షులను ప్రశ్నించడానికి, మీ సాక్షులను తేవడానికి హక్కుంది. రూల్ 180 అని పేరు పెట్టి, రాతపూర్వకంగా అడగండి. అక్కడ చెప్పిన మాటలను కోర్ట్ మార్షల్‌లో మీ మీద సాక్ష్యంగా వాడకూడదని రూల్ 182 చెబుతోంది, తప్పుడు సాక్ష్యం చెప్పారన్న కేసులో తప్ప. విచారణ బయట, ఆఫీసు గదిలో, 'రాసివ్వు, వదిలేస్తాం' అంటే రాసిచ్చిన కాగితానికి ఆ రక్షణ ఉండదు. ఖాళీ కాగితం మీద, చదవని హిందీ కాగితం మీద సంతకం చేయొద్దు.

సిపాయిలకు ఎక్కువగా ఎదురయ్యేది సమ్మరీ కోర్ట్ మార్షల్. కమాండింగ్ ఆఫీసరే జడ్జి, లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆపై హోదా అయితే ఏడాది దాకా జైలు వేయగలరు. చాలా వేగంగా ముగిసిపోతుంది. సలహా చెప్పడానికి ఒక 'ఫ్రెండ్'ను పక్కన ఉంచుకోవచ్చు, అది అడగాల్సింది మీరే. డిశ్చార్జి చేస్తామంటే షోకాజ్ నోటీసు వస్తుంది. జవాబు గడువులోపు, లాయరుకు చూపించాకే ఇవ్వండి. శిక్ష పడితే ఆర్మీ చట్టం 164వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తుది ఉత్తర్వు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, కాబట్టి ప్రతి కాగితం మీద అది మీ చేతికొచ్చిన తేదీ రాసుకుని, ఒక నకలు బయటి మనిషికి పంపండి.